ఎర్ర వహీ నుంచి టాలీ దాకా: మన నేతిండ్ల లెక్కల కథ

వార్షికోత్సవ సంచికకు సోలాపూర్ నుంచి ఏదైనా రాయమని ఫెడరేషన్ పెద్దలు అడిగితే మొదట వద్దన్నాను. నా చదువు ఎనిమిదో తరగతి, అదీ ఇక్కడి తెలుగు బడిలో. మన పూర్వీకుల గొప్పతనం గురించి రాయడానికి నాకన్నా చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ చేనేత సహకార సంఘంలో గుమాస్తాగా చేరి, సెక్రటరీ అయి, నలభై ఏళ్లకు దగ్గర లెక్కలు రాసినవాణ్ని. నాకు బాగా తెలిసింది అదొక్కటే. మగ్గం గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటాం. మగ్గం పక్కన ఉండే పుస్తకం గురించి తక్కువ. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉండేది, ఎట్లా మారింది, ఇప్పుడు కంప్యూటర్‌లోకి, ఫోన్‌లోకి ఎట్లా వచ్చింది అన్నది నాకు తెలిసినకాడికి రాస్తాను. మధ్యలో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను. అది చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ.

తూకంలో మనమే మొనగాళ్లం

మన పెద్దలు నిజాం ఇలాకా తెలంగాణ నుంచి ఇటు వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు దిక్కుల నుంచి. సోలాపూర్‌కు రైలు 1860లో వచ్చింది. 1876-78లో పెద్ద కరువు పడింది. ఆ కరువు నడుమనే 1877లో ఇక్కడ మొదటి నూలు మిల్లు పెట్టారు. అదే మనోళ్లు జూనీ మిల్లు అని పిలిచే మిల్లు. మిల్లు ఉంటే నూలు దొరుకుతుంది, రైలు ఉంటే బట్ట అమ్ముడవుతుంది. అట్లా మగ్గాలు వచ్చినయి, మగ్గాల వెనక కార్ఖానాలు వచ్చినయి.

నేతవాడికి లెక్క రాదని బయటివాళ్లు అంటారు. అది తప్పు. నూలు నంబరే ఒక లెక్క. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది అన్నో నంబరు నూలు. 20 నంబరు అంటే పౌనుకు 20 చిలపలు, 40 నంబరు అంటే 40. పది పౌన్ల కట్ట 40 నంబరుది తెస్తే అందులో 400 చిలపలు ఉండాలి. బడికి పోని మా తాత ఇది నోటితో చెప్పేవాడట. పడుగుకు ఎంత, పేకకు ఎంత, ఎన్ని గజాలు దిగుతుంది అని కూడా నోటిలెక్కే.

కార్ఖానాలో నూలు తూచి ఇచ్చేవాళ్లు, బట్ట తూచి తీసుకునేవాళ్లు. ఇచ్చిన నూలు ఒక దిక్కు. నేసిన బట్ట, తరుగు, మిగిలిన నూలు ఇంకో దిక్కు. రెండు దిక్కులూ సమానం కావాలి. గంజి పెడితే బట్ట బరువు పెరుగుతుంది కాబట్టి ఆ గంజి బరువు ఎంత తీసేయాలన్నది కూడా లెక్కలోకే వచ్చేది. అక్కడ తగువులు చాలా అయ్యేవి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈరోజు కామర్స్ చదివే పిల్లలు డబుల్ ఎంట్రీ అంటారు కదా, దాని గుండెకాయ ఇదే. ఒకచోట నుంచి పోయింది ఇంకొకచోట కనబడాలి. ఇటలీలో వెనిస్ నగరం వ్యాపారులు అట్లా రాసే పద్ధతిని లూకా పాచోలీ అనే లెక్కల పండితుడు 1494లో అచ్చు పుస్తకంలో వివరంగా పెట్టాడు. ఇప్పటి కంప్యూటర్ లెక్కలన్నీ ఆ పద్ధతి మీదనే నడుస్తున్నాయి. నూలు విషయంలో మన తాతలకు ఆ పద్ధతి చేతిలోనే ఉండింది. పైసల విషయంలోనే లేకపోయింది.

ఉచల్

సోలాపూర్‌లో పెరిగినవాళ్లకు ఈ మాట చెప్పాల్సిన పని లేదు. బయటి ఊర్లవాళ్ల కోసం చెప్తున్నాను. ఉచల్ అంటే మరాఠీలో ముందుగా ఎత్తుకున్న డబ్బు, మన బయానా లాంటిది. పెండ్లికో, చావుకో, పండుగకో కార్ఖానా సేటు దగ్గర ఉచల్ తీసుకుంటే, అది తీరేదాకా ఆ కార్ఖానాలోనే నేయాలి. వారం వారం కూలిలో కొంత కోసుకుంటారు. ఈ మగ్గం కూలి బతుకు ఒక్క సోలాపూర్‌దే కాదు. 1941లో భారత ప్రభుత్వం చేనేత, మిల్లుల మీద నిజనిర్ధారణ కమిటీ వేసింది. సొంతంగా నేసుకుని అమ్ముకునే నేతవాళ్లు తగ్గిపోయి, ఆసాముల కింద, కార్ఖానాల్లో కూలికి నేసేవాళ్లు పెరిగారని 1942లో ఆ కమిటీ రాసింది.

ఉచల్ లెక్క ఉండేది సేటు ఎర్ర వహీలో. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగు కాగితాలు, దారంతో కుట్టిన పుస్తకం. దీపావళికి దానికి పూజ చేసేవాళ్లు. పాతకాలం మునీములు దాన్ని మోడీ లిపిలో రాసేవాళ్లు. మోడీ అంటే కలం ఎత్తకుండా గొలుసుగా రాసే మరాఠీ రాత. మరాఠీ చదవొచ్చినవాళ్లకే అది కష్టం, తెలుగు కూడా రాని మన నేతవాళ్లకు ఏం తెలుస్తుంది? దానికి తోడు అప్పటి రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు. వంద పైసల రూపాయి 1957 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. తరువాత నాలుగైదేళ్లలో పౌన్లు పోయి కిలోలు, గజాలు పోయి మీటర్లు వచ్చినయి. ఆ మారే రోజుల్లో పాత లెక్కను కొత్త లెక్కలోకి ఎట్లా మార్చారో పుస్తకం రాసినవాళ్లకే తెలుసు.

మా నాయిన 1971లో మా అక్క పెండ్లికి 400 రూపాయలు ఉచల్ తెచ్చిండు. వారానికి 3 రూపాయలు కోత. లెక్క ప్రకారం 134 వారాల్లో, అంటే రెండున్నర ఏండ్లలో తీరాలి. 1974లో అడిగితే ఇంకా 380 ఉందన్నారు. నడుమ దీపావళికి కొంత తీసుకున్నది నిజమే, నాయినకు జబ్బు చేసినప్పుడు కొంత తీసుకున్నదీ నిజమే. ఎంత తీసుకున్నడు, ఎంత కోశారు అన్నది నాయిన దగ్గర రాత లేదు. వాళ్ల దగ్గర ఉంది. రాత ఉన్నవాడి మాటే లెక్క. నేను ఆ ఏడాది ఎనిమిది పాసై తొమ్మిదికి పోవాల్సింది. పోలేదు. ఉచల్ తొందరగా తీరాలని నాయిన పక్క మగ్గం మీద కూర్చున్నాను. సేటును తిట్టుకోవడానికి ఇది రాయడం లేదు. ఆయన పేరు కూడా ఇక్కడ అక్కరలేదు. నా చదువు ఆగింది బీదతనం వల్ల కొంత, మా ఇంట్లో పుస్తకం లేకపోవడం వల్ల కొంత.

అవ్వ గీతలు, నా నోటుబుక్కు

మా అవ్వ బీడీలు చుట్టేది. సోలాపూర్‌లో మన ఆడవాళ్లు ఎంతమంది ఈ పని మీద ఇండ్లు నిలబెట్టారో అందరికీ తెలుసు. ఆకు, తంబాకు తూచి ఇస్తారు. వెయ్యి బీడీలకు ఇంత అని మజూరీ. బాగాలేనివి ఛాట్ అని తీసేస్తారు. అవ్వకు అక్షరం రాదు. పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. నిలువు గీత అంటే వెయ్యి. అడ్డగీత అంటే ఛాట్ పోయింది. వారం చివర బీడీ కార్డు మీద రాసింది ఎవరితోనైనా చదివించుకుని గోడతో కలిపి చూసేది. తేడా వస్తే పోయి అడిగేది. ఆమెను అక్కడివాళ్లు కొంచెం భయంగానే చూసేవాళ్లు.

అది చూసి నేను మగ్గం మీద కూర్చున్న మొదటి వారమే బడి నోటుబుక్కులో మిగిలిన కాగితాలకు గీతలు కొట్టి లెక్క మొదలుపెట్టాను. తారీఖు, తెచ్చిన నూలు, ఇచ్చిన బట్ట, కూలి, కోత, చేతికి వచ్చింది. ఆరు గళ్లు. ఏడాది గడిచాక 52 వారాల కోత 156 రూపాయలు అని నా పుస్తకం చెప్పింది. సేటు వహీలో 141 ఉంది. ఐదు వారాల కోత జమ పడలేదు. నాయిన వద్దంటున్నా నోటుబుక్కు పట్టుకుని పోయాను. మునీము కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ఐదు వారాలకు తారీఖులతో సహా చూపించాను. ఏమీ అనలేదు. వహీలో 15 రూపాయలు జమ వేశాడు. దొంగతనం అని నేను అనను, మరిచిపోయి ఉండొచ్చు. కానీ నా పుస్తకం లేకపోతే ఆ మరుపు మా నెత్తిన ఉండేది.

ఆ తర్వాత రెండేండ్లకు ఉచల్ తీరింది. మా వాడకట్టులో పదిమంది దాకా తమ లెక్క కూడా రాసిపెట్టమని వచ్చేవాళ్లు. చేతిరాత బాగుందని, లెక్క కలుపుతాడని తర్వాత సంఘంవాళ్లు నన్ను గుమాస్తాగా పిలిచారు.

సంఘం పుస్తకాలు

సహకార సంఘం అనేది కూడా చట్టంతో వచ్చిందే. 1904 చట్టం అప్పులిచ్చే సంఘాలకే. 1912 చట్టంతో ఉత్పత్తి, అమ్మకం చేసే సంఘాలకూ దారి దొరికింది. మన రాష్ట్రంలో ఇప్పుడు నడుస్తున్నది 1960 మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం. ఏటా ఆడిట్ తప్పదు. సంఘంలో సేటు లేడు. సభ్యులే యజమానులు, పుస్తకం సభ్యులది.

నేను చేరినప్పుడు టేబుల్ మీద ఉన్నవి చెప్తాను. రోజు చిట్టా, దాన్ని ఇక్కడ కీర్ద్ అంటారు. ఆవర్జా, దాన్ని ఖతావణీ అంటారు. నూలు స్టాకు, బట్ట స్టాకు, వాటాల రిజిస్టరు, రిబేటు బిల్లుల రిజిస్టరు, మినిట్స్ పుస్తకం. అన్నిటికన్నా ముఖ్యం నేతన్న పాసుబుక్కు. సంఘం పుస్తకంలో ఏం రాశామో అదే నేతన్న చేతిలో ఉన్న పాసుబుక్కులో కూడా రాయాలి.

నెలాఖరుకు అంకణా తీయడం పెద్ద పని. జమ మొత్తం, ఖర్చు మొత్తం కలవాలి. కలవకపోతే రాత్రి పది దాకా కూర్చునేవాళ్లం. పాత ఆడిటరు గారు ఒక ఉపాయం చెప్పారు. తేడాను తొమ్మిదితో భాగిస్తే నిశ్శేషంగా పోతే, ఎక్కడో అంకెలు తారుమారు అయినట్టు. 54 రాయాల్సిన చోట 45 రాస్తే తేడా 9. 810 బదులు 180 రాస్తే తేడా 630, అదీ తొమ్మిదితో పోతుంది. చాలాసార్లు తప్పు అక్కడే దొరికేది. చేతిరాత పుస్తకంలో ఇంకో మర్యాద ఉండేది. తప్పు రాస్తే గీకి తుడవకూడదు. ఒక గీత కొట్టి, పైన సరైన అంకె రాసి, పక్కన సంతకం పెట్టాలి. తప్పు కూడా కనబడాలి.

లాభం వేరు, చేతిలో పైస వేరు అన్నది నేను రిబేటుతో నేర్చుకున్నాను. పండుగలకు చేనేత బట్ట మీద గిరాకీకి రిబేటు ఇచ్చి అమ్ముతాం. ఆ డబ్బు తర్వాత ప్రభుత్వం నుంచి రావాలి. పుస్తకంలో "రావలసిన రిబేటు" అని ఆస్తి కింద రాసుకునేవాళ్లం. కాగితం మీద సంఘానికి లాభం. కానీ ఆ డబ్బు ఒక ఏడాదికో రెండేడులకో వచ్చేది. ఈలోపు నూలు కొనడానికి, కూలి ఇవ్వడానికి బ్యాంకు అప్పు, దాని మీద వడ్డీ. లాభంలో ఉండి కూడా ఎన్నో చేనేత సంఘాలు ఇట్లాగే కూలిపోయినయి. 2011లో కేంద్రం చేనేత సంఘాల పాత బాకీలకు ప్యాకేజీ ప్రకటించినప్పుడు కూడా, ఆడిట్ అయిన లెక్క చేతిలో ఉన్న సంఘాలు ముందు నిలబడ్డయి, పుస్తకాలు చెదలు తిన్నవి వెనకబడ్డయి.

టాలీ పుట్టింది మిల్లుల సరుకు దుకాణంలోనే

ఇక కంప్యూటర్. మన పిల్లల్లో ఎంతోమంది టాలీ నేర్చుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. కానీ అది ఎట్లా పుట్టిందో చాలామందికి తెలియదు. శ్యామ్ సుందర్ గోయెంకా గారి వ్యాపారం దక్షిణ, తూర్పు భారతంలోని బట్టల మిల్లులకు, కార్ఖానాలకు ముడిసరుకు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేయడం. తన లెక్కలకు సరిపోయే సాఫ్టువేరు దొరకక, లెక్కల శాస్త్రం చదివిన కొడుకు భరత్ గోయెంకాను రాయమన్నారు. 1986లో బెంగళూరులో ప్యూట్రానిక్స్ పేరుతో కంపెనీ మొదలైంది. 1999లో దాని పేరు టాలీ సొల్యూషన్స్ అయింది. 2020లో భరత్ గారికి పద్మశ్రీ వచ్చింది. అంటే మనం వాడే సాఫ్టువేరు అమెరికా నుంచి వచ్చింది కాదు. మన నూలు, మన మిల్లు పక్కన పుట్టిందే.

దాని సుఖం ఏమిటంటే, చిట్టాలో ఒకసారి రాస్తే ఆవర్జా, అంకణా, జమాఖర్చు అన్నీ అదే తయారు చేస్తుంది. ఎఫ్5 నొక్కితే చెల్లింపు, ఎఫ్6 వసూలు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. రాత్రి పది దాకా కూర్చునే పని పోయింది. నూలు లెక్కకు మేము ఒక ఉపాయం పెట్టుకున్నాం. టాలీలో గోడౌన్ అని ఉంటుంది. ఒక్కొక్క నేతన్న ఇంటిని ఒక్కొక్క గోడౌన్‌గా పెట్టాం. సంఘం నుంచి నూలు పోతే ఆ ఇంటి గోడౌన్‌లోకి పోయినట్టు రాస్తాం. బట్ట వస్తే అక్కడ నుంచి తగ్గుతుంది. ఎవరింట్లో ఎన్ని కిలోలు ఉందో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మా తాత తూకం లెక్కే ఇది, కాకపోతే తెర మీద.

నా తప్పు

మా సంఘానికి కంప్యూటర్ 2007లో వచ్చింది. నాకు రాదు కాబట్టి సాయంత్రాలు ఒక అబ్బాయిని పెట్టుకున్నాం. మంచి పిల్లవాడే. రహస్య సంకేతం అతనికే తెలుసు. నేను వోచర్ల మీద సంతకం పెట్టేవాణ్ని, అతను ఎక్కించేవాడు. ఒకటి రెండేళ్లు గడిచేసరికి నాకు ధీమా వచ్చింది. ఆవర్జా చేత్తో రాయడం మానేశాను. పాసుబుక్కులు "తర్వాత ఒక్కసారే ప్రింటు తీసిద్దాం" అని పక్కన పెట్టాను. అదృష్టం బాగుండి రోజు చిట్టా మాత్రం అలవాటు కొద్దీ చేత్తో రాస్తూ వచ్చాను.

2012లో ఒకరోజు కంప్యూటర్ లేవలేదు. లోపలి హార్డు డిస్కు పోయిందన్నారు. బ్యాకప్ తీసిన తారీఖు చూస్తే పధ్నాలుగు నెలల కిందటిది. ఆ పిల్లవాడు అప్పటికే పూనాకు పోయాడు. తప్పు అతనిది కాదు. బ్యాకప్ తీశావా అని నేను ఒక్కసారీ అడగలేదు.

మా కోడలు కామర్స్ చదివింది. ఆమె, నేను కూర్చుని చేతిరాత చిట్టా చూసి పధ్నాలుగు నెలల పద్దులు మళ్లీ ఎక్కించాం. రెండు నెలలు పట్టింది. ఆ పని నడుస్తుండగా ఒక పెద్దమనిషి వచ్చాడు. డెబ్బై ఏండ్లు దాటినవాడు, మా నాయినతో కలిసి నేసినవాడు. నాకు చిన్నాయిన వరస. మనుమరాలి పెండ్లికి సంఘం నుంచి బయానా తీసుకున్నాడు. "బిడ్డా, నా బాకీ ఎంత తీరింది?" అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. పాసుబుక్కు తీసి చూశాను. పదకొండు నెలలుగా ఒక్క అక్షరం లేదు.

లెక్క మొత్తం ఎక్కించాక ఇంకో సంగతి బయటపడింది. మన కులంలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు కదా. ఆయన పేరే ఉన్న ఇంకొక నేతన్న సంఘంలో ఉన్నాడు. చిట్టాలో నేను సభ్యత్వ నంబరు వేయకుండా పేరు మాత్రమే రాసిన చోట్ల, మేము మళ్లీ ఎక్కించినప్పుడు చిన్నాయిన కోతలు కొన్ని ఆ రెండో ఆయన ఖాతాలో పడినయి. వోచర్లు తీసి చూస్తే తెలిసింది. అంకణా మాత్రం ఒక్క పైస తేడా లేకుండా కలిసింది! ఎందుకు కలవదు? జమ జమగానే పడింది, మనిషి మాత్రమే మారాడు. యంత్రం రెండు దిక్కులూ సమానమా అని చూస్తుంది. పైస ఎవరిదో దానికి తెలియదు. పాత హార్డు డిస్కులో కూడా ఇట్లాగే ఉండిందేమో, అది దేవుడికే తెలియాలి.

చిన్నాయిన ఇంటికి పోయి సరైన లెక్క చూపించి, తప్పు నాదని చెప్పాను. "పాసుబుక్కు రాస్తలేవని ముందే ఎందుకు అడగలేదు?" అన్నాను. "నువ్వు మనోడివే గదా అని అడగలేదు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయిన కూడా సేటును అందుకే అడగలేదు. మోడీ లిపి చదవరాని నాయిన, తెర మీద ఇంగ్లీషు చదవరాని చిన్నాయిన. ఇద్దరికీ తేడా ఏంది? అప్పుడు మునీము ఉన్న కుర్చీలో ఇప్పుడు నేను ఉన్నాను, అంతే.

ఆ వారం నుంచి పద్ధతి మార్చాం. ప్రతి ఖాతాకు పేరుతో పాటు సభ్యత్వ నంబరు. టాలీలో తెలుగు, మరాఠీ కూడా వస్తాయి కాబట్టి పేర్లు చదవగలిగేట్టు పెట్టాం. కూలి ఇచ్చే రోజు ఒక చిన్న చీటీ: తెచ్చిన నూలు, ఇచ్చిన బట్ట, కూలి, కోత, మిగిలిన బాకీ. పాసుబుక్కు అక్కడే రాయాలి, రాయకుంటే కూలి ఇవ్వొద్దు. మొదటి రెండు నెలల్లో సభ్యులే నాలుగు తప్పులు పట్టారు. ఆడిటరు పట్టలేనివి.

బట్టకు పన్ను వచ్చింది

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. బట్ట వ్యాపారం అంతా ఎందుకు అంత గాబరా పడిందో చెప్తాను. 1957 చివర్లో ఒక ఏర్పాటు అయింది. రాష్ట్రాలు బట్ట మీద అమ్మకం పన్ను వదులుకోవాలి, బదులుగా కేంద్రం మిల్లుల దగ్గరే అదనపు ఎక్సైజు సుంకం తీసుకుని రాష్ట్రాలకు పంచాలి. కాబట్టి దాదాపు అరవై ఏండ్లు బట్ట అమ్మే చిన్న దుకాణానికి అమ్మకం పన్ను కాగితాల బాధ లేదు. రెండు తరాలు అట్లాగే గడిపినయి. ఒక్క రోజులో నూలు కట్ట మీద పన్ను, బట్ట మీద పన్ను, బిల్లు మీద కోడ్ నంబరు, నెల నెలా రిటర్ను. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి యాభై వేలు దాటిన సరుకు బండికి ఈ-వే బిల్లు. సూరత్‌లో వ్యాపారులు రోడ్డెక్కారు.

మనలో చాలామంది అప్పుడే కంప్యూటర్ ముందు కూర్చున్నారు, ఇష్టంతో కాదు, భయంతో. అదే చిక్కు. చాలా ఇండ్లలో లెక్క అంటే పన్ను కట్టడానికి బయటివాడికి ఇచ్చే కాగితాల సంచి అయింది. నెలకు ఇంత అని ఇచ్చి సంచి పంపుతారు. తమ వ్యాపారం లాభమా నష్టమా అన్నది మాత్రం వాళ్లకు తెలియదు. లెక్క సర్కారు కోసం కాదు, మన కోసం. సర్కారుకు పోయేది దాని నకలు.

ఇంటి లెక్క, పని లెక్క

మా కోడలి కథే చెప్తాను. ఆమె చద్దర్, టవల్ ముక్కలతో సంచులు కుట్టి అమ్ముతుంది. ఇద్దరు ఆడవాళ్లకు కుట్టు పని ఇస్తుంది. ఫోన్‌కు టింగుటింగుమని డబ్బు వచ్చేది. నెలకు తొమ్మిది పది వేలు మిగులుతుందని ఇంట్లో అందరి నమ్మకం. ఒక నెల కూర్చుని రాశాం. అమ్మకం 18,000. బట్ట 9,500, జిప్పులు దారం 1,200, కుట్టు కూలి 2,300, కరెంటులో వంతు 400, ఆటో పార్సిలు 600. ఖర్చు మొత్తం 14,000. మిగిలింది 4,000. అందులో ఆమె సొంత కష్టానికి కూలి వేయలేదు. పైగా అమ్మిన 18,000లో ఒక దుకాణం 5,000 ఇంకా ఇవ్వలేదు. అంటే చేతికి వచ్చింది 13,000, పోయింది 14,000. లాభం నాలుగు వేలు, చేతిలో వెయ్యి తక్కువ! ఆ వెయ్యి ఇంటి సరుకుల డబ్బులోంచి పోయింది, ఎవరికీ తెలియకుండా.

లెక్క చూశాక ఆమె రెండు పనులు చేసింది. సంచి ధర పెంచింది. అప్పు పెట్టే దుకాణానికి గడువు పెట్టింది. ఇక్కడ ఒక మాట. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కొన్నవాడు డబ్బు ఇవ్వాలి. 2023-24 లెక్కల ఏడాది నుంచి ఆదాయపు పన్నులో కూడా దీన్ని ముడిపెట్టారు. గడువులో ఇవ్వకపోతే, ఇచ్చేదాకా ఆ కొనుగోలును ఖర్చుగా చూపుకోవడానికి కొన్నవాడికి వీలులేదు. మనం ఉద్యమ్‌లో నమోదై ఉండాలి, బిల్లు మీద తారీఖు ఉండాలి. ఎవరి బాకీ ఎన్ని రోజులైంది అని చూపే పట్టీ ఏ సాఫ్టువేరులోనైనా ఉంటుంది. వారానికి ఒకసారి అది చూడండి.

ఏ సాఫ్టువేరు వాడాలి అని నన్ను చాలామంది అడుగుతారు. సంఘానికి, జీఎస్టీ ఉన్న కార్ఖానాకు టాలీ లాంటిది సరే, చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఇంటికి, చిన్న పనికి ఫోన్‌లో ఖాతా పుస్తకాలు చాలా వచ్చినయి. డబ్బు పెట్టలేని పిల్లలు నేర్చుకోవాలంటే గ్నూక్యాష్ అని ఉచితంగా దొరుకుతుంది, 1998 నుంచి ఉంది, అచ్చమైన రెండు దిక్కుల లెక్క అందులో ఉంది. మన జీఎస్టీ రిటర్నులు మాత్రం అది చేయదు. ఏదీ కుదరకపోతే ఆరు గళ్ల నోటుబుక్కు చాలు. నేను దానితోనే 15 రూపాయలు తెచ్చుకున్నాను.

కానీ ఏది వాడినా కొన్ని కట్టుబాట్లు ఉండాలి. ఒకటి, ఆనాటిది ఆనాడే రాయాలి. రెండు, ఇంటి డబ్బుకు, పని డబ్బుకు బ్యాంకు ఖాతాలు వేరు వేరు ఉండాలి. పని నుంచి ఇంటికి తీసుకుంటే అది కూడా రాయాలి. మూడు, రహస్య సంకేతం ఇద్దరికి తెలియాలి. బ్యాకప్ వారానికి ఒకసారి తీసి, ఆ పెన్‌డ్రైవ్ కంప్యూటర్ ఉన్న గదిలో కాకుండా వేరే ఇంట్లో పెట్టాలి. నాలుగు, తప్పును తుడవొద్దు. చేతిరాతలో గీత కొట్టి సంతకం పెట్టిన మర్యాద తెర మీద కూడా ఉండాలి. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలకైతే ఏ పద్దు ఎప్పుడు మార్చారో జాడ ఉండే సాఫ్టువేరే వాడాలని నియమం పెట్టారు. మన సంఘాలకు ఆ నియమం లేకపోయినా ఆ పద్ధతి మంచిది. ఐదు, లెక్క ఎవరిదో వాళ్లకు, వాళ్లు చదవగలిగే భాషలో, చేతికి ఇవ్వాలి.

ఐదోది నాకు అన్నిటికన్నా పెద్దది. మోడీ రాత పోయింది, అణాలు పోయినయి, వహీ పోయింది, నా ఆవర్జా కూడా పోయింది. రేపు టాలీ పోయి ఇంకొకటి వస్తుంది. లెక్క కలవడం యంత్రం చూసుకుంటుంది. లెక్క నిజమా కాదా అన్నది మాత్రం చెమట కార్చినవాడే చెప్పాలి, చెప్పాలంటే అతని చేతిలో ఒక కాగితం ఉండాలి.

ఈ సంచిక చదివే సంఘాల పెద్దలకు, కార్ఖానాలవాళ్లకు ఒక్క మనవి. మీ దగ్గర నేసేవాళ్ల పాసుబుక్కులు ఒకసారి తెప్పించి, ఆఖరి పద్దు ఏ తారీఖుదో చూడండి. నేతన్నలకు, అక్కలకు, చెల్లెండ్లకు ఇంకో మనవి. మనోడే గదా అని ఊరుకోవద్దు. మనోడైతేనే అడగండి. అడిగితే నొచ్చుకునేవాడు పుస్తకం పట్టుకోవడానికి తగడు.

మా అవ్వ పోయి చాలా ఏండ్లయింది. పాత ఇల్లు కూలగొట్టి కట్టేటప్పుడు పొయ్యి పక్క గోడకు సున్నం కింద బొగ్గు గీతలు ఇంకా కనబడినయి. మేస్త్రీని ఒక గంట ఆగమని, నిలబడి లెక్కపెట్టాను. ముప్పై ఏడు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు.